బాగా ఎదురుచూసింది

సెప్టెంబరు 9, సోమవారం

స్టాఫ్ క్షేమం చూడడానికని వచ్చిన పిల్ల (ముప్పై కూడా ఉండవు) "రోజూ నాలుగు ముక్కలు రాసుకోండి గేనర్, మనసు తేలికపడుతుంది" అని ఈ పుస్తకం చేతిలో పెట్టి వెళ్ళింది. అట్ట మీద పొద్దుతిరుగుడు పువ్వు. మనసు తేలికపడడం దేవుడెరుగు, నేను నింపాల్సిన కాగితాల్లో ఇంకొకటి పెరిగింది.

నా తోటి నర్సు బెవర్లీ సెలవు పెట్టేసింది. ఎప్పుడొస్తుందో చెప్పలేదు. ఆమె చూసే పిల్లలంతా నా నెత్తిన పడ్డారు. ముప్పై ఒక్కరు కాస్తా అరవై మూడు మందయ్యారు. నాలుగు స్పెషల్ స్కూళ్ళు, ఒక్క నర్సు. మాటలు రాని పిల్లలు, వచ్చినా రెండు మూడే వచ్చే పిల్లలు. వాళ్ళ మనసులో ఏముందో, ఎవరు ప్రమాదంలో ఉన్నారో కనిపెట్టి చెప్పడం నా పని. ఇరవై ఆరేళ్ళుగా చెబుతున్నాను. మోసేవాడికి తెలుస్తుంది కావడి బరువు.

మార్ష్ లేన్ స్కూలు టీ గదిలో ఒక కార్డు తిరుగుతోంది. పిల్లల బస్సులో తోడు కూర్చునే ఆవిడ ఎవరో ఆగస్టులో పోయిందట. తెల్ల లిల్లీల బొమ్మ. నేనూ సంతకం పెట్టాను. పెన్ను సరిగ్గా రాయలేదు, పేరు రెండుసార్లు దిద్దాను.

సెప్టెంబరు 12

క్రెయిగ్ క్లాసుకి వెళ్ళాను. మంచి టీచరు, మంచి కుర్రాడు. ఎవరో ఒక పిల్లవాడి పెరుగు ఎప్పుడూ అతని చొక్కా మీద ఉంటుంది.

"మార్నీ మళ్ళీ మొదలెట్టిందండీ" అన్నాడు. "బడి తెరిచి వారం కాలేదు, పదకొండు ఘటన ఫారాలు రాశాను. పొద్దున బస్సు దిగనంటుంది, సాయంత్రం ఎక్కనంటుంది. కొరుకుడు, రక్కుడు, తల గోడకేసి కొట్టుకోవడం. బస్సులో కొత్త మనిషి కదా. అలవాటు పడుతుందిలెండి."

"పడుతుందిలే" అన్నాను నేను.

మార్నీకి పన్నెండేళ్ళు. వయసుకి మించిన పొడుగు. అమ్మ బిగించి వేసిన రెండు జడలు. మాట ఒక్కటీ రాదు, చేత్తో రెండు సైగలు చేస్తుంది: ఇంకా, వద్దు. ఈ పిల్ల పంటిగుర్తు నా ఎడమ మోచేతి కింద మూడేళ్ళుగా ఉంది. కొత్త టీచర్లకి పాఠం చెప్పేటప్పుడు చొక్కా చెయ్యి మడిచి అది చూపిస్తాను. "కాటు కూడా మాటే, వినండి" అంటాను. అందరూ రాసుకుంటారు.

బయటికొస్తుంటే గేటు దగ్గర రాన్, మార్నీ బస్సు డ్రైవరు. అరవైకి దగ్గరపడ్డ నన్ను 'అమ్మాయ్' అని పిలిచేవాడు ఈ స్కెల్బీ ఊళ్ళో అతనొక్కడే. ఎప్పుడూ నా కారు మీద ఏదో ఒక జోకు వేస్తాడు. ఇవాళ వెయ్యలేదు.

"ఒంట్లో బాగాలేదా రాన్?"

"బాగానే ఉన్నానమ్మాయ్."

సరే అన్నాను. అక్కడి నుంచి ఇంకో స్కూలుకి నలభై నిమిషాల దారి.

సెప్టెంబరు 18

వాన. ఏడుగురు పిల్లలు. రాయడానికి ఏమీ లేదు.

సెప్టెంబరు 27

మార్నీకి వారం రోజులుగా ఒక్క ఘటన ఫారం లేదు. సున్నా. రోజుకెన్ని ఘటనలో చూపించే గీత క్రెయిగ్ గోడ మీద గీసి పెట్టాడు. మొదట కొండంత ఎత్తు, ఆ తర్వాత నేలబారు.

"కొత్త బస్సావిడ చెయ్యి మంచిదండీ" అన్నాడు. నా చెయ్యి కూడా కొంత ఉంది. ఇళ్ళకు వెళ్ళే వేళ ఒక్కో పిల్లకి ఒక్కో వస్తువు ఇచ్చేవారు. మాటలు అందని పిల్లలకు వస్తువే మాట: చెంచా చేతికిస్తే భోజనం, తువ్వాలు ఇస్తే ఈత. పని అయ్యాక దాన్ని నీలం పెట్టెలో వేసి మూత వేస్తే 'అయిపోయింది' అని. ఇంటి బస్సుకి మాత్రం ఒకరికి టోపీ, ఒకరికి బొమ్మ, ఒకరికి ఎర్ర చేతితొడుగు, ఎవరి గోల వారిదిగా ఉండేది. అందరికీ ఒకటే పెట్టండి, సీటు బెల్టు బకిల్ పెట్టండి అని జూన్ మీటింగులో నేనే చెప్పాను. పద్ధతి ఒకటైతే తలనొప్పి తగ్గుతుంది. తగ్గింది.

వరండాలో మార్నీ ఫోటో పెట్టారు: ఈ వారం నక్షత్రం. బంగారు కాగితం అంచు. ఫోటోలో మార్నీ కెమెరా వైపు చూడడం లేదు. తలుపు వైపు చూస్తోంది.

అక్టోబరు 4, శుక్రవారం

సాయంత్రం ఐదింటికి రిస్క్ ఫారాలన్నీ పంపేయాలి. ఎనిమిది మిగిలాయి. కారులో కూర్చుని, ఒక చేత్తో శాండ్‌విచ్ తింటూ, ఇంకో చేత్తో నింపాను.

మార్నీది. ముప్పై ప్రశ్నలు. 'గత రెండు నెలల్లో తనకు దిగులుగా ఉందని చెప్పిందా?' వర్తించదు. 'తను ఎందుకూ పనికిరాననే మాట అన్నదా?' వర్తించదు. 'బతకాలని లేదని అన్నదా?' వర్తించదు. అలా పంతొమ్మిది. వర్తించదు అంటే కంప్యూటరు సున్నా వేసుకుంటుంది. అందరికీ తెలిసిందే. నాకూ తెలుసు. నోరున్న పిల్లలకే మార్కులు పడతాయి. అడగందే అమ్మైనా పెట్టదంటారు; అడగలేనివాళ్ళ సంగతి ఆ సామెత కట్టినవాళ్ళకు తోచినట్టు లేదు.

మిగతా పదకొండు: కొరుకుతోందా, లేదు. కొడుతోందా, లేదు. అరుస్తోందా, లేదు. మొత్తం రెండు మార్కులు. పచ్చరంగు. పచ్చ అంటే ప్రమాదం లేదని; అది వస్తే మా లిస్టులోంచి పేరు తీసేయాలి. తీసేశాను. అరవై రెండు.

స్కూల్లో అందరూ బాగుందనే అంటున్నారు కదా. గోడ మీద గీత కూడా ఉంది.

అక్టోబరు 5

పన్నెండు గంటలు నిద్రపోయాను. అయినా అలసట తీరలేదు.

అక్టోబరు 15

స్టేసీ ఫోను. మార్నీ వాళ్ళమ్మ. చేపల ప్యాకింగులో షిఫ్టు చేస్తుంది, వెనక మిషన్ల హోరులో అరిచి మాట్లాడింది.

"ఏంటండీ గేనర్, మమ్మల్ని లిస్టులోంచి పీకేశారంట?"

"పీకెయ్యడం కాదు స్టేసీ, తను కుదుటపడింది కాబట్టి..."

"ఎవరు కుదుటపడింది? నా కూతురు టోస్టు మానేసిందండీ. టోస్టు! పళ్ళు రాకముందు నుంచి దానికోసం ప్రాణం పెట్టే పిల్ల. చేతికిస్తే అలా పట్టుకుని కూర్చుంటుంది, మెత్తబడిపోయేదాకా."

"స్కూల్లో మాత్రం చాలా ప్రశాంతంగా ఉందని..."

"ప్రశాంతం! శవం కూడా ప్రశాంతంగానే ఉంటుంది. మీరొచ్చి చూడండి. లేదంటే నేనే దాన్ని తీసుకొచ్చి మీ ఆఫీసులో కూర్చోబెడతా."

గురువారం వస్తానన్నాను.

అక్టోబరు 17

వెళ్ళాను. మార్నీ వంటగదిలో వాషింగ్ మిషన్ ముందు నేల మీద కూర్చుని ఉంది. అది తిరుగుతుంటే చూడడం ఆమెకి ప్రాణం. ఇప్పుడు మిషన్ ఆగి ఉంది. 'ఇంకా' అని సైగ చెయ్యలేదు. ఊరికే చూస్తోంది.

బరువు చూశాను. జూన్‌లో ముప్పై ఎనిమిది కిలోలు. ఇప్పుడు ముప్పై మూడు, పైన కొంచెం. చెవులు చూశాను, పళ్ళు చూశాను, పొట్ట నొక్కి చూశాను. నోరు లేని పిల్ల తిండి మానేస్తే ముందు నొప్పి వెతకాలి. నొప్పి ఎక్కడా కనబడలేదు. నొక్కినంతసేపూ నా చెయ్యి తోసేయలేదు. మూడేళ్ళ కిందట ఇదే పని చేస్తేనే మోచేతి కింద కాటు పడింది.

స్టేసీ సింకుకి ఆనుకుని నిలబడింది. "అప్పుడు జుట్టు పీకేది, కొరికేది. నేను బాత్రూములో దూరి ఏడ్చేదాన్ని. ఇప్పుడేమో ఒక్కసారి కొరికితే బాగుండు అనిపిస్తోంది. నాకేమైనా పిచ్చి పట్టిందంటారా?"

"లేదమ్మా."

"మరేంటి ఇది?"

వయసు అన్నాను. ఈ వయసులో ఆడపిల్లల్లో మార్పులు వస్తాయి, డాక్టరుకి ఒకసారి చూపించు, ఏం తిన్నదో రోజూ రాసిపెట్టు అన్నాను. స్టేసీ నన్ను చాలాసేపు చూసింది. తర్వాత టీ ఇచ్చింది.

అక్టోబరు 24

డాక్టరు చెప్పినమాట స్టేసీ ఫోనులో ఉన్నదున్నట్టు అప్పజెప్పింది: "ఆ పిల్ల పరిస్థితిలో ఇవన్నీ మామూలే." ముప్పై ఒక్క కిలోల కిందికి పోతే ఆసుపత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వేస్తారట.

మార్నీకి ముక్కు గొట్టం. పీకేస్తుంది. పీకకుండా చేతులు పట్టుకోవాలి, నలుగురు. పీకకపోతే ఇంకా ఘోరం. ఇప్పుడున్న మార్నీ పీకదేమో.

"అది పుట్టినప్పటినుంచి ఇదే పాటండీ" అంది స్టేసీ. "పంటినొప్పి వస్తే పరిస్థితి. జ్వరమొస్తే పరిస్థితి. దాన్ని తప్ప దాని పరిస్థితినే చూస్తారు అందరూ."

అందరిలో నేనూ ఉన్నాను. అనలేదు కానీ ఉన్నాను.

అక్టోబరు 30

సెలవులు. స్టాఫ్ క్షేమం ఫారం వచ్చింది. 'గత రెండు వారాల్లో మీకు దేని మీదా ఆసక్తి లేనట్టు అనిపించిందా?' ఎప్పుడూ లేదు. 'అలసటగా?' ఎప్పుడూ లేదు. తొమ్మిదింటికీ ఎప్పుడూ లేదు. నిమిషం పట్టలేదు.

నవంబరు 6, బుధవారం

మార్ష్ లేన్‌కి వెళ్ళాను. లిస్టులో లేని పిల్లని చూడడానికి వెళ్ళకూడదు. వేరే పిల్లవాడి పేరు చెప్పి వెళ్ళాను.

ముందు మార్నీ సంచిలో ఉండే ఇంటి పుస్తకం తీశాను. స్కూలువాళ్ళు సాయంత్రం ఒక ముక్క, తల్లి పొద్దున ఒక ముక్క రాస్తారు దాంట్లో. సెప్టెంబరు చివరి నుంచి చదివాను. స్టేసీ రాత: తినలేదు. సగం తిన్నది. తినలేదు. పడుకోలేదు. తినలేదు. స్కూలు రాత: మంచి రోజు. బాగా ఎదురుచూసింది. మంచి రోజు. బాగా ఎదురుచూసింది. బాగా ఎదురుచూసింది. బాగా ఎదురుచూసింది, శభాష్ మార్నీ! పక్కన నవ్వు మొహం బొమ్మ.

"ఇదేంటి క్రెయిగ్?"

"అది ఆమె లక్ష్యం కదండీ ఈ ఏడాదికి. గోల చెయ్యకుండా ఐదు నిమిషాలు ఎదురుచూడడం. ఇప్పుడు నలభై నిమిషాలు చూస్తోంది! నేనే నమ్మలేకపోయాను. రండి, చూద్దురుగాని."

రెండుంబావు దాటింది. ఎవరూ చెప్పకుండానే మార్నీ లేచింది. కోటు తనే తెచ్చుకుంది, సగమే తొడుక్కుంది. వరండా చివర అద్దాల తలుపు దగ్గరికి పోయి నిలబడింది. కుడిచెయ్యి ఎత్తి, భుజమంత ఎత్తులో అరచెయ్యి అద్దానికి ఆనించింది. అలాగే ఉండిపోయింది. నా కాళ్ళు నొప్పెట్టాయి, ఆమె కదలలేదు. మూడింటికి బస్సు వచ్చి, కొత్తావిడ దిగి, బెల్టు బకిల్ చూపిస్తే దానివైపు తిరగనైనా లేదు. ఆవిడే చెయ్యి కిందికి దించి నడిపించుకుపోయింది. అద్దం మీద ఆ చోట మసక. రోజూ అక్కడే, అదే ఎత్తులో.

రాన్ బస్సు పక్కన నిలబడి ఉన్నాడు. వెళ్ళి అడిగాను.

"ఆ పిల్ల చెయ్యి అలా ఎందుకు పెడుతోంది రాన్?"

"మొరీన్ కోసం."

"మొరీన్ ఎవరు?"

రాన్ నన్ను ఎగాదిగా చూశాడు. "ఎవరేంటమ్మాయ్? నా భార్య. ఏడేళ్ళు ఈ బండిలోనే పిల్లల పక్కన కూర్చుంది. ఆగస్టులో పోయింది. కార్డు మీద నువ్వూ సంతకం పెట్టావుగా. నీ పేరు రెండుసార్లు దిద్దినట్టుంది, మా అల్మారా మీదే ఉంది."

అతనే చెప్పుకుపోయాడు.

"ఎర్ర ఉన్నితో తొడుగులు ఒక జత అల్లింది. ఒకటి పిల్లకి, ఒకటి తనకి. మూడింటికి తలుపు బయట నిలబడి మొరీన్ చెయ్యెత్తేది, లోపల ఇది చెయ్యి ఆనించేది. రెండు చేతులూ కలిస్తేనే తలుపు తియ్యాలి. ఎండాకాలంలో కూడా ఆ తొడుగే, ఊరంతా నవ్వేవాళ్ళు." కోటు జేబులో చెయ్యి పెట్టుకున్నాడు. "ఇప్పుడు బస్సు తలుపు తీయగానే నా వెనక్కి చూస్తుందమ్మా అది, రోజూ. నా వెనక ఎవరూ ఉండరు."

"మార్నీకి ఎవరైనా చెప్పారా?"

"ఏం చెప్తారు? దానికేం అర్థమవుతుంది అన్నారు. నేనూ అదే అనుకున్నా. రెండోవారం నుంచి గోల మానేసింది కదా, మర్చిపోయిందిలే అనుకున్నా."

ఎర్ర తొడుగు స్కూలు బీరువా సొరుగులో దొరికింది, వాడనివి అని రాసిన డబ్బాలో.

నవంబరు 7

కార్డు మీద సంతకం పెట్టాను. ఆ చేత్తోనే పచ్చరంగు వేశాను.

నవంబరు 8

నా పై అధికారి ఫిలిప్పాకి మెయిలు. మొదట ఇలా రాశాను: 'పరిస్థితులు మారినందువల్ల మార్నీ కేసును మళ్ళీ పరిశీలించవలసిందిగా...' చెరిపేశాను. ఏం మారాయి పరిస్థితులు? మొరీన్ ఆగస్టులోనే పోయింది.

మళ్ళీ రాశాను: 'పూర్తి సమాచారం అందుబాటులో లేనందువల్ల...' అదీ చెరిపేశాను. సమాచారం టీ గదిలో, నా చేతిలో, లిల్లీల బొమ్మ కింద ఉంది. పదకొండు ఘటనలూ బస్సు దగ్గరే జరిగాయని క్రెయిగ్ నోటితో చెప్పాడు. అలవాటు పడుతుందిలే అన్నది నేను. తొడుగు తీసేయించిందీ నేనే.

చివరికి ఒకే వాక్యం పంపాను. 'అక్టోబరు 4న మార్నీ గురించి నేనిచ్చిన అంచనా తప్పు.'

నవంబరు 11

ఫిలిప్పా గది. చెడ్డ మనిషి కాదు. నాకంటే అలిసిపోయి ఉంది.

"తప్పు అని రాయాలా గేనర్? 'కొత్త విషయాలు తెలిశాయి' అంటే సరిపోదూ? వచ్చే నెల తనిఖీ ఉంది."

"కొత్త విషయం ఏదీ లేదు ఫిలిప్పా. ఆ పిల్ల మనిషిని పోగొట్టుకుంది. మా అందరికీ తెలుసు, ఆ పిల్లకి తప్ప. గోల మానేస్తే బాగుపడిందనుకుని నక్షత్రం ఇచ్చాం."

"ఫారంలో ఆ ప్రశ్న లేదు కదా."

"లేదు. నాకు బుర్ర ఉంది కదా."

కిటికీలోంచి బయటికి చూసింది. "నువ్వు నింపినవాటిలో ఇలాంటి వర్తించదులు ఎన్ని ఉంటాయి?"

"లెక్కపెట్టలేదు."

"లెక్కపెట్టకు" అంది. కానీ గురువారం కమిటీలో మార్నీ పేరు పెట్టింది.

నవంబరు 14

కమిటీ ఒప్పుకుంది. పచ్చ తీసి నారింజరంగు వేశారు. పిల్లల మనస్తత్వ నిపుణురాలి దగ్గరికి పంపుతారు. పద్నాలుగు నెలల తర్వాత.

"అంతవరకు?" అన్నాను.

"ఎదురుచూడాలి మరి" అన్నారు. నాకు నవ్వొచ్చింది. అందరూ చూస్తుండగా నవ్వాను, ఆపుకోలేకపోయాను.

మార్నీ బరువు ముప్పై రెండు.

నవంబరు 18

స్టేసీ ఇంటికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. ఫారం, వర్తించదులు, పచ్చ, కార్డు, తొడుగు. తిడుతుందనుకున్నాను. కుర్చీలో కూలబడింది.

"మొరీన్ పోయిందని నాకు తెలుసండీ. రాన్ చెప్పాడు. పూలు కూడా పంపించా. దీనికి ఎలా చెప్పాలా అని కాదు... అసలు చెప్పాలన్న ఆలోచనే రాలేదు నాకు. కన్నతల్లిని."

"నాకూ రాలేదమ్మా."

"మీరు నర్సు."

"అవును."

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమెకి కనబడ్డాయి. "ఇప్పుడు మీరు నా ముందు కూర్చుని ఏడవకండి. నాకు షిఫ్టుకి టైమైంది" అని లేచి కోటు వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"ఎప్పుడు చెబుదాం దానికి?"

నవంబరు 19

రాన్ ఒప్పుకోలేదు. మొరీన్ తొడుగు అతని కోటు జేబులోనే ఉంటుందట, ఎప్పుడూ.

"ఆ నీలం పెట్టెలో వెయ్యాలా?"

"అవును రాన్. ఆ పిల్లకి అయిపోవడం అంటే అదొక్కటే."

"మళ్ళీ రాదా?"

"రాదని తెలియడానికే."

"మాటల్లో చెప్పు. నువ్వు మాటకారివేగా."

"మాటలు దానికి అందవు. ఎనిమిది వారాలుగా అక్కడ నిలబడి ఉంది రాన్. ఇంకో కిలో తగ్గితే గొట్టం వేస్తారు."

బండెక్కి తలుపు వేసుకున్నాడు. అతన్ని అడగడానికి నాకు ఏం హక్కుందో నాకే తెలియదు.

నవంబరు 20

ఏమీ లేదు. రాన్ ఫోను చెయ్యలేదు.

నవంబరు 21, గురువారం

ఎడమ చేత్తో రాస్తున్నాను. వంకరటింకరగా వస్తోంది. పొద్దున రాన్ ఫోను చేశాడు, "సరేనమ్మాయ్" అని పెట్టేశాడు.

రెండుంబావుకి మార్నీ తలుపు దగ్గరికి వచ్చింది. క్రెయిగ్, స్టేసీ, నేను వెనక నిలబడ్డాం. ఎర్ర తొడుగు చేతికిచ్చాను. చూసింది. వాసన చూసింది. గబగబా తొడుక్కుని చెయ్యి అద్దానికి ఆనించింది, ఈసారి గట్టిగా. అద్దం మోగింది. మూడు నెలల్లో మొదటిసారి ఆ మొహంలో వెలుగు కనబడింది. తప్పు చేస్తున్నానేమోనని భయం వేసింది.

మూడు గంటలు. రాన్ బస్సు ఆపి దిగాడు. నెమ్మదిగా తలుపు దాకా వచ్చాడు. మార్నీ అతని వెనక్కి చూసింది. రాన్ జేబులోంచి రెండో తొడుగు తీశాడు. తన చేతికి తొడుక్కోలేదు. ఖాళీగా పట్టుకుని తలుపు తీసుకుని లోపలికొచ్చి, నేల మీద కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, మోకాళ్ళు పటపటమన్నాయి.

మార్నీ ఆ తొడుగు లాక్కుంది. లోపల చెయ్యి పెట్టింది. వేళ్ళతో మూలమూలా వెతికింది. తిరగేసింది. మళ్ళీ వెతికింది. రాన్ చెయ్యి పట్టుకుని చూసింది. అది వేరే చెయ్యి.

నేను నీలం పెట్టె మూత తీసి మొరీన్ ఫోటో చూపించాను. "మొరీన్. అయిపోయింది" అని రెండు చేతులతో సైగ చేశాను. "మొరీన్ రాదు. అయిపోయింది."

మార్నీ పెట్టెను చూసింది. సైగ చేసింది: ఇంకా.

"అయిపోయింది తల్లీ" అన్నాడు రాన్.

ఇంకా. ఇంకా. ఇంకా.

"లేదే తల్లీ. నాకూ లేదు."

ఎంతసేపు గడిచిందో తెలియదు. క్రెయిగ్ వాచీ చూసుకోలేదు, అతను గొప్పవాడు. చివరికి మార్నీ ఆ ఖాళీ తొడుగుని పెట్టెలో వేసింది. బయటికి తీసింది. మళ్ళీ వేసింది. మూత తనే వేసింది. మార్నీ చేతికున్నది కూడా వేయించాలనుకున్నాడో ఏమో క్రెయిగ్ చెయ్యి చాపాడు. "ఉండనీ" అంది స్టేసీ.

అప్పుడు మార్నీ అరిచింది. మార్ష్ లేన్ అంతా వినబడేలా, మూడు నెలలది ఒక్కసారే. తల నేలకేసి కొట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాను. ఆ చెయ్యి పట్టుకుని కొరికింది. ఎముక దాకా దిగింది. నేను లాక్కోలేదు. రాన్ గోడకి జారగిలబడి, టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అతనిదీ అదే మొదటిసారనుకుంటాను. ఆ ఇద్దరూ నేల మీద పక్కపక్కనే ఏడుస్తుంటే మేం ముగ్గురం నిలబడి చూశాం, ఎవరమూ "ఊరుకో" అనలేదు.

తర్వాత, నా చేతికి కట్టు కడుతూ క్రెయిగ్ ఘటన ఫారం తీశాడు. ఎనిమిది వారాల్లో మొదటిది. 'ఘటనకు ముందు ఏం జరిగింది?' అన్నచోట పెన్ను ఆగింది.

"నిజం చెప్పాం అని రాయి" అన్నాను.

ఇంటి పుస్తకం కూడా తెరిచాడు. చాలాసేపు ఆలోచించి రాశాడు: 'ఈరోజు ఎదురుచూడలేదు. ఏడ్చింది.'

నవంబరు 22

చెయ్యి వాచింది. సెలవు పెట్టమన్నారు, పెట్టలేదు. ఫిలిప్పా వద్దన్న పని మొదలుపెట్టాను. పచ్చరంగు ఫారాలన్నీ బల్ల మీద పరిచి వర్తించదులు లెక్కపెడుతున్నాను. తొమ్మిది మంది పిల్లలు పూర్తయ్యారు, నూట నలభై రెండు. ఇంకా చాలామంది ఉన్నారు.

స్టాఫ్ క్షేమం పిల్లకి మెయిలు పెట్టాను: 'అక్టోబరులో నా గురించి నేను నింపిన ఫారం తప్పు. ఇంకొకటి పంపగలవా?'

మధ్యాహ్నం క్రెయిగ్ మార్నీ ఇంటి పుస్తకంలోని పేజీ ఫోటో తీసి పంపాడు. స్టేసీ రాత, పెన్ను గట్టిగా నొక్కి రాసినట్టుంది:

'తొమ్మిదింటిదాకా అరిచింది. పక్కింటివాళ్ళు గోడ బాదారు, నేనూ తిరిగి బాదాను. ఎర్ర తొడుగుతోనే పడుకుంది. పొద్దున టోస్టు ఒకటిన్నర. మిగతా సగం నా మొహాన విసిరింది.

బాగా విసిరింది.'